లారీ మీద ఇల్లు, నేను వద్దన్న కిటికీ

నా ఫోనులో ఒక ఫొటో ఉంది. వెనక మంచు కప్పిన కొండలు, ముందు ఒక నీలం లారీ, లారీ వీపు మీద తెల్లరంగు ఇల్లు. మాటవరసకి ఇల్లనడం లేదు. మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, బాత్రూము అన్నీ ఉన్నాయి. గుడివాడలో మా షెడ్డులోనే కట్టాం. ఫొటో చూసినవాళ్ళంతా కొండల్ని చూసి "అబ్బ" అంటారు. బాడీలు కట్టే పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళయితే అతుకులు ఎక్కడున్నాయా అని వెతుకుతారు. నేను మాత్రం పక్కగోడకున్న చిన్న కిటికీని చూసుకుంటాను. ఆ కిటికీ వద్దని పట్టుబట్టింది నేనే. నా మాట సాగి ఉంటే ఈ ఫొటో ఉండేది కాదు.

నలభై ఏళ్ళకి పైగా లారీ బాడీలు కట్టాను. ధాన్యం లారీలు, చేపల లారీలు, ఇటుకల లారీలు. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో జరిగింది. సాయంత్రం పని కాగానే చేతులకున్న గ్రీజు కిరోసిన్‌తో కడుక్కుని, అక్కడికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. వాహనాల బాడీల మీద ఇంగ్లీషులో ఒక లావుపాటి పాతపుస్తకం ఉండేది. పక్కన నిఘంటువు పెట్టుకుని, మాట మాటకీ వెతుక్కుంటూ, పదకొండు నెలలు చదివాను. దాని వెనక అతికించిన కాగితం మీద పడిన తేదీ ముద్రలన్నీ నావే. ఆ సంగతి అవసరమున్నా లేకపోయినా అందరికీ చెప్పేవాణ్ణి. షెడ్డులో ఎవరైనా నా లెక్కకి అడ్డం వస్తే "పుస్తకంలో అలా లేదు" అనేసేవాణ్ణి. ఆ మాటతో వాదన ఆగిపోయేది. ఎందుకంటే ఆ పుస్తకం చదివినవాడు గుడివాడ మొత్తం మీద నేనొక్కణ్ణే.

ఒకరోజు బందరు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. ముప్పయ్యేళ్ళు బందరు నుంచి బెజవాడకీ, బెజవాడ నుంచి బందరుకీ బస్సు నడిపారు. ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అందరిలాగే నేనూ సిస్టర్ గారనే పిలిచాను. ఆవిడ మొదటి మాటకే నన్ను అన్నయ్యగారూ అన్నారు. దాంతో డ్రైవరు గారు నాకు బావగారయిపోయారు.

"బోర్డు మీదున్న ఊరు దాటి ఏనాడూ బండి తోలలేదు బావగారూ. బెజవాడ రాగానే వెనక్కి తిప్పడమే," అన్నారాయన. "ఈసారి లడఖ్ దాకా వెళ్దావనుకుంటన్నాం."

"ఈయన సెలవు రోజున నాకు డ్యూటీ, నా సెలవు రోజున ఈయనకి డ్యూటీ," అన్నారు సిస్టర్ గారు. "ఇద్దరం ఒకేసారి ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. ఇప్పుడు ఇల్లే ఈయన బండికి తగిలిస్తే ఇంకెక్కడికి పోతారు? హోటళ్ళూ అవీ నా వల్ల కాదు అన్నయ్యగారూ. బాత్రూము ఒక్కటి మాత్రం నాదై ఉండాలి."

పాత ఆరుచక్రాల లారీ ఒకటి కొనుక్కుని వచ్చారు. చలికాలం మొదలైతే ఆ పై దారులు మూసేస్తారట. అందుకని ఫలానా ఆదివారం బయల్దేరాలని ముందే అనుకున్నారు. ఆ ఉదయానికి చర్చిలో వాళ్ళకోసం ప్రత్యేక ప్రార్థన కూడా పెట్టించుకున్నారు. నాకు మూడు నెలలు గడువిచ్చారు.

ఇంతకుముందు మాలో ఎవరం అలాంటిది కట్టలేదు. నాకు ఒకటే హుషారు. నాతోపాటు బందరు నుంచి రోజూ వచ్చే వెల్డరు భాయ్ ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా నా పక్కనే పనిచేస్తున్నాడు. తక్కువ మాట్లాడతాడు. చదరపు గొట్టాలతో చట్రం కట్టాం. లోపలా బయటా రేకు, మధ్యలో చలి ఆగడానికి థర్మోకోలు. తలుపుకి చుట్టూ రబ్బరు బిగించి, రేకంత సందు కూడా లేకుండా కూర్చోబెట్టాను. దుమ్ము లోపలికి రాకూడదని పుస్తకంలో ఉంది మరి. వేలితో తోస్తే ఇనప్పెట్టె మూసుకున్నట్టు మూసుకునేది. ఆ చప్పుడు వినిపించడానికి వచ్చినవాళ్ళందరికీ నాలుగేసిసార్లు తెరిచి మూసి చూపించేవాణ్ణి.

మొత్తం పెట్టెని లారీ అడుగు చట్రం, అంటే ఛాసిస్ మీదకి ఎక్కించి ఎనిమిది చోట్ల యూ బోల్టులతో బిగించాం. మేమెప్పుడూ చేసే పద్ధతే అది. ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. మామూలు లారీ బాడీ చెక్కతో ఉంటుంది. ముసలివాళ్ళ కీళ్ళలాగా కిర్రుమంటూ ఇటూ అటూ కదులుతుంది. ఛాసిస్ మెలితిరిగితే అదీ కాస్త మెలితిరిగి ఊరుకుంటుంది. ఈ ఇనుప పెట్టెకి ఆ గుణం లేదు. ఈ తేడా నాకు తట్టలేదు.

తలుపు దగ్గర మురిసిపోతున్న రోజుల్లోనే సిస్టర్ గారు వచ్చి లోపలంతా చూశారు. మంచం పక్కనున్న కిటికీ దగ్గర ఆగారు. అద్దం, దొంగల భయానికి ఇనుప గ్రిల్లు, రెండూ కలిపి ఒకే చట్రంగా చేశాం. ఇంకా బిగించలేదు.

"ఇది తెరుచుకోదా అన్నయ్యగారూ?"

"అద్దం జరుగుద్దండీ. గాలొస్తది. గ్రిల్లు మాత్రం వెల్డింగు చేసేస్తాం."

"అలా కాదు. మనిషి బయటికొచ్చేలా ఉండాలి. వార్డుకి ఎప్పుడూ రెండు తలుపులుంటాయి. ఒకటి రావడానికి, ఒకటి అవసరానికి."

"అలా ఊడొచ్చే కిటికీ పెడితే పెట్టె బలం తగ్గుద్దమ్మా. వాన నీళ్ళు కూడా కారతాయి. పుస్తకంలో కూడా అదే ఉంది."

"ఆ పుస్తకం రాసినాయన ఏ వార్డులో పనిచేశాడో," అన్నారావిడ.

నేను నవ్వేసి, భాయ్‌ని పిలిచి గ్రిల్లు వెల్డింగు చెయ్యమన్నాను. "సరే మేస్త్రి గారూ," అన్నాడు. రెండు రోజుల తర్వాత చూస్తే కిటికీ అంచులన్నీ లప్పం పెట్టి, నున్నగా తెల్లరంగు వేసి ఉన్నాయి. లోపల సిస్టర్ గారు పూలపూల తెర కుట్టించి వేలాడదీశారు. తెర ఎత్తి చూడాలని నాకు తోచలేదు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. కొత్త బాడీకి మొదటి లోడు మేమే. దాని మీద చెయ్యి వేసిన ప్రతివాడూ ఎక్కాలి. గుడివాడ నుంచి పెడన మీదుగా బందరు, అక్కణ్ణుంచి మంగినపూడి వెళ్ళి, సముద్రంలో మునిగి రావాలి. దారంతా అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఆ దారిలో బాగా నడిచిందంటే బండి మంచిదని మా నమ్మకం. ఎత్తులంటే మాకు తెలిసినవి కాలవల మీద వంతెనలే. తండ్రుల కాలం నుంచీ మేం కట్టిన బళ్ళు తిరిగే నేల ఇదేకదా.

బయల్దేరే ఆదివారానికి ఇంకా రెండు వారాలుంది. మొదటి లోడు రోజొచ్చింది. మా పెయింటరుకి పెళ్ళి పిలుపు ఉంటే వెళ్ళిపోయాడు. నేనూ భాయ్, ఆ దంపతులూ ఎక్కాం.

"మంగినపూడి వద్దు బావగారూ," అన్నారు డ్రైవరు గారు. "ఆ రోడ్డు ముప్పయ్యేళ్ళు చూశాను. దివిసీమలోకి పోదాం. పాలకాయతిప్ప దగ్గర సముద్రం కరకట్టుంది. కనీసం గట్టన్నా ఎక్కి చూద్దాం."

నాకూ సరేననిపించింది. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. బండి బ్రహ్మాండంగా నడిచింది. నేను ముందుసీట్లో కూర్చుని దారి పొడుగునా పుస్తకం గురించే చెప్పాను. భాయ్ కళ్ళు మూసుకుని విన్నాడు, లేకపోతే నిద్రపోయాడు.

పాలకాయతిప్ప ఇంకా కొంచెం దూరం ఉందనగా కరకట్ట ఎక్కాం. ఒకపక్క రొయ్యల చెరువులు, రెండోపక్క మడ చెట్లు, దూరంగా సముద్రం గీతలా కనిపిస్తోంది. గాలి జోరుగా వీస్తోంది. "కాస్త అంచుకి తీసి ఆపండి బావగారూ, ఇక్కణ్ణుంచి బాగుంటది," అన్నది నేనే. ఆయన ఆపారు. మేం ముగ్గురం దిగాం. సిస్టర్ గారు టీ పెడతానని పెట్టెలోకి ఎక్కి, గాలికి పొయ్యి ఆరిపోతుందని తలుపు మూసుకున్నారు. నేను గర్వపడిన ఆ చప్పుడు వినపడింది.

రెండు రోజుల ముందు పడిన వానకి గట్టు అంచు నాని ఉంది. మేం చూస్తుండగానే కుడి వెనకచక్రం కింద మట్టి కరిగినట్టు జారింది. చక్రం నిదానంగా బురదలోకి దిగింది. ఎడమ ముందుచక్రం పైకి లేచింది. కింద ఛాసిస్ తడిబట్ట పిండినట్టు మెలితిరిగింది. పైనున్న పెట్టె దానితో తిరగలేక ఒక్కసారి మూలిగింది. ఆ మూలుగు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఏవండీ, తలుపు రావట్లేదు," లోపల్నుంచి సిస్టర్ గారి గొంతు.

పరిగెత్తి పిడి పట్టుకుని లాగాను. కదల్లేదు. భాయ్, నేను ఇద్దరం కలిసి లాగాం. గోడతో కలిపి పోతపోసినట్టుంది. తలుపు చట్రం వంకరపోయి తలుపుని నొక్కిపట్టేసింది. రేకంత సందు లేకుండా కూర్చోబెట్టానుగా.

"పొయ్యి ఆపు! సిలిండరు ఆపు!" అని అరిచారు డ్రైవరు గారు.

"ఎప్పుడో ఆపాను. మీరు అరవకండి, బీపీ పెరుగుద్ది."

డ్రైవరు గారు ఎక్కి ఇంజను వేసి ఒక్కసారి ముందుకి లాగి చూశారు. చక్రం తిరిగి ఇంకో అడుగు లోతుకి పోయింది. బండి చెరువు వైపుకి ఇంకాస్త ఒరిగింది. ఆయన వెంటనే ఇంజను ఆపేసి దిగారు. ముప్పయ్యేళ్ళలో ఎన్ని వేలమందిని దింపి ఉంటారో, ఇప్పుడు తలుపు పిడి పట్టుకుని గుంజుతున్నారు. ఇంకో అడుగు ఒరిగితే బండి మొత్తం చెరువులో ఉంటుందని మా ముగ్గురికీ తెలుసు.

"రేకు కోసేద్దాం," అన్నాను. "టూల్‌బాక్సులో బ్యాటరీ గ్రైండరుంది."

"లోపల గ్యాసు తిరిగిన పెట్టెకి గ్రైండరు పెడతారా మేస్త్రి గారూ?" అన్నాడు భాయ్. ఇరవై ఏళ్ళలో అతను నామీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

"మరి కిటికీకేమో గ్రిల్లు వెల్డింగు చేసి చచ్చాం కదయ్యా!"

భాయ్ నా వంక చూడకుండా కిటికీ కిందకి వెళ్ళి నిలబడ్డాడు. "సిస్టర్ గారూ, మీ నట్లు తిప్పండమ్మా," అన్నాడు.

"ఏ నట్లు?" అన్నాను.

లోపల తెర జరిగింది. కిర్రు కిర్రుమని నాలుగుసార్లు చప్పుడైంది. బయట లప్పం పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. దాని వెనక నాలుగు బోల్టుల తలలు కనిపించాయి. లోపలివైపు చేత్తోనే తిప్పి తీసే రెక్కల నట్లు పెట్టాడన్నమాట. అద్దం, గ్రిల్లు కలిసి చట్రం మొత్తం బయటికి జరిగి భాయ్ చేతుల్లోకి వచ్చింది.

ఆ కిటికీలోంచి ముందు బయటికొచ్చింది స్టీలు ఫ్లాస్కు.

"టీ అందుకోండి. ఇంత కష్టపడి పెట్టాను," అన్నారు సిస్టర్ గారు.

కానీ కిటికీ నేలకి ఏడడుగుల ఎత్తులో ఉంది. పైగా బండి ఒరిగి ఉంది. కింద నుంచి పట్టుకుందామంటే మా బరువుకే గట్టు జారేలా ఉంది. అప్పుడే చెరువుల వైపు నుంచి ఐసు పెట్టెల ట్రైలరుతో ఒక ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు గారు రోడ్డుకి అడ్డంగా నిలబడి చేతులూపారు. ట్రాక్టరు నడిపే ఆసామి సంగతి ఒక్క చూపులో గ్రహించాడు. గట్టు గట్టిగా ఉన్న వైపు నుంచి వెనక్కి తోలుకొచ్చి, ట్రైలరుని కిటికీకి ఆనించాడు. సిస్టర్ గారు ముందు కాళ్ళు, తర్వాత మిగతా మనిషి, ఐసు పెట్టెల మీదకి దిగారు. చీరకంటిన లప్పం పొడి దులుపుకున్నారు. డ్రైవరు గారు ట్రైలరు మీదకెక్కి ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

ఆ తర్వాత ఆయన అన్నమాట ఇది: "బస్టాండులో కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టినోళ్ళని చూశాను గానీ, కిటికీలోంచి దిగిన ప్యాసింజర్ని ఇప్పుడే చూస్తన్నా."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ, నా కళ్ళు ట్రాక్టరు దగ్గర ఆగిపోయాయి. ట్రాక్టరు ముక్కు గట్టు మీదకి ఎత్తుకుని, ఒకపక్కకి వాలి ఉంది. వెనకున్న ట్రైలరు ఇంకోపక్కకి వాలి ఉంది. దేని దారి దానిది. ఒక్క ఐసు పెట్టె కూడా జరగలేదు. రెండింటినీ కలుపుతున్నది ఒకే ఒక్క కడ్డీ.

"ఏంది మేస్త్రీ, ట్రాక్టరెప్పుడూ చూళ్ళేదా?" అన్నాడు ఆసామి, లారీకి గొలుసు తగిలిస్తూ.

నిజంగానే చూడలేదనిపించింది. లారీ గట్టు మీదకొచ్చి చదునుగా నిలబడగానే తలుపు వేలితో లాగగానే తెరుచుకుంది. అది చూసి నాకింకా సిగ్గేసింది.

తిరిగి వస్తూ భాయ్‌ని అడిగాను, "వెల్డింగు చెయ్యమంటే సరేనన్నావుగా?"

"మీకు కనపడేవైపు మీరు చెప్పినట్టే ఉంచాను. ఆవిడకి కనపడేవైపు ఆవిడ చెప్పినట్టు చేశాను," అన్నాడు.

ఆ సాయంత్రం తిన్నగా గ్రంథాలయానికి వెళ్ళాను. పుస్తకం తీశాను. చివర్లో ఒక అధ్యాయం ఉంది. కొండలు, ఎగుడుదిగుడు నేలల మీద నడిచే బళ్ళ గురించి. అది నేను చదవలేదు. మొదటి రెండు వాక్యాలు చదివి, ఇది మన డెల్టాకి పనికొచ్చేది కాదులే అని మూసేసిన సంగతి బాగా గుర్తుంది. ఇప్పుడు నిలబడే ఆ పేజీలు తిప్పాను. నాలుగో పేజీలో బొమ్మ ఉంది. పెట్టెని వెనక రెండు చోట్ల గట్టిగా బిగించి, ముందువైపు మాత్రం మధ్యలో ఒక్క లావుపాటి కడ్డీ మీద నిలబెట్టాలి. కింద ఛాసిస్ ఎంత మెలితిరిగినా పైన పెట్టె ఊగుతుందే గానీ మెలితిరగదు. ఐసు పెట్టెల ట్రైలరు నాకు చూపించింది అదే. పదకొండు నెలలు చదివి, మా నేలకి సరిపడిందంతా నేర్చుకుని, వాళ్ళు వెళ్ళే నేల సంగతి ఉన్న పేజీలు వదిలేశాను. ఇల్లు కట్టింది లడఖ్‌కి. కట్టినవాడి బుర్ర మాత్రం గుడివాడలోనే ఉండిపోయింది.

ప్రయాణం మానేస్తామంటారనుకున్నాను. సోమవారం ఉదయం సిస్టర్ గారు షెడ్డుకొచ్చారు. ఏదో ఒక సాకు చెప్పొచ్చు, తప్పంతా గట్టు మీదకి తోసేయొచ్చు. నేను పేజీల సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ అంతా విన్నారు. "మా డ్యూటీలో సగం చీటీ చదివి మందిస్తే మెమో ఇచ్చేవాళ్ళు," అన్నారు. "మీకు మెమో ఎవరిస్తారు?"

"మీరే ఇవ్వాలమ్మా."

"అయితే ఇస్తన్నా. ఆ పుస్తకం మొత్తం పూర్తి చెయ్యండి. తర్వాత బండి పూర్తి చెయ్యండి. ఎన్ని రోజులు పడుద్ది?"

"పన్నెండు రోజులు."

"పది రోజుల్లో చెయ్యండి. చర్చిలో ప్రార్థన తేదీ మార్చను."

తొమ్మిది రోజుల్లో చేశాం. యూ బోల్టులన్నీ ఊడదీశాం. పాత ట్రాక్టరు సామాన్లలోంచి తెచ్చిన కడ్డీతో ముందువైపు కీలు కట్టాడు భాయ్. కిటికీ నట్లకి ఈసారి లప్పం పెట్టలేదు. నేనే ఎర్రరంగు వేశాను, చీకట్లో తడుముకున్నా తెలిసేలా పక్కన ఒక బొడిపె కూడా పెట్టాను.

పదో రోజు ఉదయం తోట్లవల్లూరు తీసుకెళ్ళాం. అక్కడ కృష్ణ కరకట్ట ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. కట్ట ఎక్కే వాలులో ఒక ముందుచక్రం కింద దుంగలు పేర్చి, రెండోవైపు వెనకచక్రాన్ని పల్లంలోకి దించాం. పాలకాయతిప్ప కంటే ఎక్కువే వంచాం. కింద ఛాసిస్ మెలితిరిగింది. పైన పెట్టె ఒక్కసారి ఊగి నిలబడింది. మూలగలేదు.

"నేను లోపలికెళ్ళి తలుపేసుకుంటా," అన్నారు సిస్టర్ గారు.

"ముందు నేనెళ్తానమ్మా," అన్నాను.

"నడిరోడ్డు మీద ఆగిపోతే లోపలుండేది మీరా, నేనా?"

ఎక్కి తలుపు మూసుకున్నారు. మళ్ళీ అదే చప్పుడు. నిమిషం అయింది. తలుపు తెరుచుకోలేదు. రెండు నిమిషాలయ్యాయి. డ్రైవరు గారు నా వంక చూశారు. నేను భాయ్ వంక చూశాను. భాయ్ ఎర్రనట్ల కిటికీ కింద నిలబడి ఉన్నాడు. నాలుగు నిమిషాలు. నేను తలుపు దగ్గరికి నడిచాను గానీ పిడి పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. పట్టుకుంటే రాదేమోనని.

అప్పుడు లోపల్నుంచి అల్లం వాసన వచ్చింది.

తలుపు వేలితో తోసినట్టు మెత్తగా తెరుచుకుంది. సిస్టర్ గారు చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నాలుగు గ్లాసులతో నిలబడ్డారు.

"ఈసారి గుమ్మంలోంచే ఇస్తన్నా అన్నయ్యగారూ," అన్నారు. "తీసుకోండి."